పాలపిట్ట తెల్లగా ఎందుకు లేదు? పిట్టల పేర్లలో దాగిన మాటలపై చర్చ

తంగేడుపువ్వు (హన్మకొండ):
దసరా నాటి సాయంత్రం జమ్మి పూజ ముగిసి, ఒకరి చేతిలో ఒకరం జమ్మి ఆకు పెట్టి ‘బంగారం’ అనుకున్న తరువాత, ఊరంతా కలిసి చెరువు కట్ట మీదికి పాలపిట్టను చూడడానికి వెళ్లాము. ఎనిమిదేండ్ల మా మనుమడికి కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టను చూపించగానే, “నాయనమ్మా, పాలపిట్ట అంటే పాల లెక్క తెల్లగ ఉండాలె గద, ఇది మట్టిరంగుల ఉన్నదేంది?” అని అడిగాడు. అంతలో అది రెక్కలు విప్పి ఎగిరింది. ఆ నీలాన్ని చూసి వాడు తన ప్రశ్నను మరిచిపోయాడు కాని నేను మరువలేకపోయాను.

ఇంటికి వచ్చి వెతికితే ఒక జవాబు దొరికింది. ఆవు పాలు తగ్గినప్పుడు ఈ పిట్ట ఈకలను ముక్కలు చేసి గడ్డిలో కలిపి మేపితే పాలు పెరుగుతాయని తెలుగువారు నమ్మేవారని, ఆ నమ్మకం వల్లనే దీనికి పాలపిట్ట అనే పేరు వచ్చిందని, 1912లో దక్షిణ దేశపు శకునాల గురించి రాసిన ఎడ్గర్ థర్‌స్టన్ నమోదు చేశాడు. అంటే పేరులోని పాలు పిట్టవి కావు, ఆవువి. ఆ నమ్మకం పోవడమే పిట్టకు మేలైంది, పేరు నిలవడం మనకు మేలైంది. 2014లో పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి అయింది.

ఇటువంటి పిట్టల పేర్లు, వాటి పుట్టుక, వాటిలోని శ్లేషలు మీకు తెలిసినవి ఇక్కడ రాయవలసిందిగా అందరినీ కోరుతున్నాను. వాడికి ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తాను.

ఏకశిల (వరంగల్):
అక్కా, మీరు దసరా నాడు చూసింది పాలపిట్టనే అయినా, దానితోపాటు ఒక మాట పుట్టుకను కూడా చూశారు. మంచి శకునం కోసం పిట్టను చూస్తామని మనం అంటాము. అయితే సంస్కృతంలో ‘శకునము’ అనే మాటకు పక్షి అనే అర్థమే ఉన్నది. పక్షి ఎటు నుండి ఎటు ఎగిరింది, ఎక్కడ వాలింది, ఎట్లా కూసింది అని చూసి మంచిచెడులు చెప్పుకున్న కాలంలో, పక్షి పేరే దాని వల్ల తెలిసే సూచనకు పేరైంది. తరువాత పిల్లి ఎదురైనా, తుమ్ము వినబడినా శకునమే అయింది. పిల్లి ఎదురైతే అపశకునం అనేవారు నిజానికి పిల్లిని పట్టుకొని చెడ్డ పక్షి అంటున్నారన్న మాట!

‘శకుంతము’ అన్నా పక్షియే. అడవిలో పక్షులు కాపాడిన పసిబిడ్డ కనుక ఆమెకు శకుంతల అని పేరు పెట్టారు. మీ మనుమడికి ఇది తప్పక చెప్పండి.

పిట్టగోడ (కాజీపేట):
నా పేరే ఈ చర్చలో ఒక ప్రశ్న కనుక నేను రాయక తప్పదు. డాబా చుట్టూ కట్టే పొట్టి గోడను పిట్టగోడ అంటాము. దాని మీద పిట్టలు వాలుతాయి కనుక ఆ పేరు వచ్చిందని చిన్నప్పుడు మా బాపు చెప్పేవాడు, నేనూ నమ్మాను. కాని పెద్ద కథ నడుమ వచ్చే చిన్న కథను పిట్టకథ అంటాము, అందులో వాలడానికి ఏ పిట్టా రాదు. ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అన్న సామెతలో కూడా పిట్ట చిన్నతనానికే కొలమానం. కాబట్టి పిట్టగోడలోని పిట్ట ఎగిరేది కాదు, చిన్నది అని చెప్పేదని నా అభిప్రాయం. దీనికే ఇంగ్లీషులో ఉన్న ‘పారాపెట్’ అనే మాట ఇటాలియన్ ‘పారాపెట్టో’ నుండి వచ్చింది. ‘పెట్టో’ అంటే రొమ్ము, రొమ్మును కాచే ఎత్తున్న గోడ అని దాని అర్థం. మన పిట్టకు, వారి పెట్టోకు చుట్టరికం ఏమీ లేదు, అయినా రెండు భాషలవారు ఒకే గోడకు దాదాపు ఒకే చప్పుడు చేసే మాటలు పెట్టుకున్నారని తెలిసిన రోజు నేను ఆనందంతో ఆ గోడనే నా పేరుగా పెట్టుకున్నాను.

మన పిట్ట ప్రపంచమంతా తిరిగిన సంగతి కూడా చెప్పాలి. 1713లో జేమ్స్ పెటివర్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు, మద్రాసు నుండి తనకు చేరిన పక్షుల వివరాలలో ఒకదానికి అక్కడివారు చెప్పిన పేరును ఉన్నదున్నట్టుగా ‘పొన్నంకి పిట్ట’ అని రాశాడు. అది మన పొన్నంగి పిట్ట. 1816లో వియేయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ జాతికి ‘పిట్టా’ అని శాస్త్రనామం స్థిరపరచాడు. ఈనాడు ఆఫ్రికా నుండి ఆస్ట్రేలియా దాకా ఉన్న నలభైకి పైగా రకాల పక్షులను లోకమంతా పిట్టలనే పిలుస్తున్నది. మనకేమో చెట్టు మీద కూర్చున్న ప్రతిదీ పిట్టే. తెలుగు మాట ఒకటి ఇంగ్లీషులోకి వెళ్లి ఇంతగా ఇరుకైపోవడం చూస్తే, పంజరం అంటే ఇదేనేమో అనిపిస్తుంది.

మంథనిగట్టు (మంథని):
పిట్ట దేశి మాట. పక్షి సంస్కృతం, దానికి వికృతి ‘పక్కి’. పక్షం అంటే రెక్క, రెక్క ఉన్నది కనుక పక్షి. రెండు రెక్కల వంటివి కనుక నెలలోని రెండు సగాలూ పక్షాలైనాయి, శాసనసభలో రెండు వైపులా పక్షాలే. ప్రతిపక్షం లేని సభ ఒంటి రెక్క పిట్ట వంటిదని ఎవరైనా అంటే, అది పోలిక కాదు, ఆ మాటకు ఉన్న అసలు అర్థమే.

రాత్రిబడి (జనగామ):
పిల్లవాడి కోసం ఒక పొడుపుకథ కట్టాను. “గుడ్డులో నుండి వచ్చింది, గుడ్లతో వచ్చింది, గుడ్లు పెడుతుంది, గుడ్లు పెట్టి చూస్తుంది. ఏమిటది?”

విడుపు గుడ్లగూబ. కనుగుడ్డూ గుడ్డే, కోడిపెట్ట పెట్టేదీ గుడ్డే. గూబ అనే మాట వింటే పెద్దవారు చెంప మీద కొట్టినప్పుడు గుయ్యిమనే చెవి కూడా గుర్తుకు వస్తుంది. ఒక్క పక్షి పేరులో మన కన్ను, మన చెవి రెండూ దొరుకుతున్నాయి. రాత్రి చీకటిలో చూపుతోనూ వినికిడితోనూ వేటాడే ఈ పక్షికి ఇంతకంటే తగిన పేరు ఉండదు.

కొత్తబాట (నర్సంపేట):
నేను ఈ వేదికకు కొత్త. ఒక సందేహం అడుగుతున్నాను, పెద్దలు తప్పుగా అనుకోవద్దు. మన కాకతీయులకూ కాకికీ సంబంధం ఉన్నదా? మా తరగతిలో ఒకరు ఉన్నదని గట్టిగా వాదించారు.

ఏకశిల:
తమ్ముడూ, అడగవలసిన ప్రశ్నే అడిగావు. కాకతీయులలోని ‘కాక’కు, కాకికి ధ్వనిలో తప్ప వేరే చుట్టరికం లేదు. అట్లా చూస్తే కాకరకాయ కూడా కాకి తినే కాయ కావలసి వచ్చేది! కాకతి అనేది ఒక దేవత పేరు. ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు రాసిన అలంకార గ్రంథానికి, మల్లినాథసూరి కుమారుడైన కుమారస్వామి సోమపీథి వ్యాఖ్య రాస్తూ, కాకతి అనేది దుర్గాశక్తి అనీ, ఏకశిలా నగరాన్ని ఏలిన ప్రభువుల కులదేవత అనీ, ఆమెను కొలిచినందువల్ల వారు కాకతీయులైనారనీ స్పష్టంగా చెప్పాడు. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం, ఈ వంశానికి మూలపురుషుడైన వెన్న కాకతి అనే ఊరి నుండి పాలించాడని చెబుతున్నది. దేవత పేరు, ఊరి పేరు, వంశం పేరు మూడూ ఒకటే అయినాయి. కాకికి అందులో చోటు లేదు.

పక్షి పేరు నిజంగా మోసిన రాజవంశం కావాలంటే విజయనగరం దాకా పోవాలి. సాళువ వంశంలోని ‘సాళువ’ అంటే వేటకు పెంచే డేగ. వంశనామంలో పక్షి లేకపోయినా మన ఓరుగల్లు రాళ్ల మీద పక్షులకు కొదువ లేదు. కోటలో స్వయంభూ దేవాలయానికి నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాలను ఈసారి దగ్గరికి వెళ్లి తల ఎత్తి చూడు. పైదూలం రెండు కొసల మీద హంసలు ఉంటాయి, అందుకే వాటిని హంస తోరణాలు అని కూడా అంటారు. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఆ తోరణమే.

ఆ హంస పేరులో ఇంకో విశేషం ఉన్నది. హంసకు తెలుగులో ‘అంచ’ అని వికృతి. ఈ సంస్కృత హంస, లాటిను ‘అన్సెర్’, జర్మను ‘గాన్స్’, ఇంగ్లీషు ‘గూస్’ అన్నీ ఒకే ప్రాచీన ధాతువు నుండి పుట్టిన తోబుట్టువులు. చలికాలంలో హిమాలయాలు దాటి దక్షిణాది చెరువుల దాకా వచ్చే తలచారల బాతు ఈ హంసల కుటుంబానిదే. పక్షి కొండలు దాటి వచ్చినట్టే దాని పేరు కూడా దేశాలు దాటిపోయింది.

తాళపత్రం (హన్మకొండ):
ఏకశిల గారు హంసను ప్రస్తావించారు కనుక, చేతిరాత పుస్తకాలతో చాలాకాలం గడిపిన నాకు ఒక మాట చేర్చాలని ఉన్నది. రాసేటప్పుడు ఒక అక్షరమో మాటో జారిపోతే, ఆ చోట గీత కిందుగా చిన్న గుర్తు పెట్టి, విడిచిన దానిని పైన రాస్తాము. ఆ గుర్తును హంసపాదు అంటారు. తడి నేల మీద నడిచిన బాతు కాలి ముద్ర ఎట్లా ఉంటుందో అది అట్లాగే ఉంటుంది. సంస్కృత లేఖకులు అటువంటి గుర్తునే ‘కాకపదము’ అన్నారు. ఒకే గుర్తులో ఒకరికి హంస అడుగు కనిపిస్తే మరొకరికి కాకి అడుగు కనిపించింది.

కాకిని ఎవరూ తక్కువ చేయకూడదని మరొక ఉదాహరణ చెబుతాను. కోకిల తన గుడ్లను కాకి గూటిలో పెడుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే. సంస్కృతంలో కాకిని ‘పరభృత్’ అన్నారు, అంటే పరులను పోషించేది. కోకిలను ‘పరభృత’ అన్నారు, అంటే పరులచేత పోషింపబడినది. చివర ఒక్క అకారం తేడా, అంతే. పెంచిన తల్లికీ పెరిగిన బిడ్డకూ నడుమ ఒక్క అచ్చునే దూరంగా పెట్టిన ఆ మాటల కూర్పు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆ కోకిల తెలుగులోకి వచ్చి కోయిల అయింది.

పసుపుచేను (జగిత్యాల):
నేను వ్యవసాయం చేసేవాడిని. మీరు శాసనాల నుండి, పుస్తకాల నుండి చెబుతున్నారు కనుక నేను పొలం నుండి చెబుతాను.

పొలాన్ని ఆశ్రయించిన పిట్టలకు మనవాళ్లు మనుషుల పేర్లే పెట్టారు. గూడు అల్లేవాడు గిజిగాడు, చేపను పట్టే లకుముకి పిట్టకు బుచ్చిగాడు అని ఇంకో పేరు. వీటన్నిటిలో నాకు ఇష్టమైనవాడు పసులపోలిగాడు. నల్లగా, చీలిన తోకతో, మేస్తున్న బర్రె వీపు మీద ఎక్కి కూర్చుంటాడు. బర్రె అడుగు వేసినప్పుడు గడ్డిలో నుండి లేచే మిడుతలను గాలిలోనే పట్టి తిరిగి వచ్చి వీపు మీదే వాలుతాడు. పసులు అంటే పశువులు. పసుల వెంట తిరిగే పోలిగాడు అని ఊరి పిల్లవాడిని పిలిచినట్టే పిలిచారు. ఇక చేతిపని చేసేవారి పేర్లూ ఉన్నాయి. చెట్టు తొలిచేది వడ్రంగి పిట్ట, ఎండాకాలం మధ్యాహ్నం రాగి రేకు మీద సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మనేది కంసాలి పిట్ట, ఆకులను కుట్టి గూడు కట్టేది దర్జీ పిట్ట. ఒక ఊరికి కావలసిన పనివారందరూ చెట్టు మీదనే ఉన్నారు.

వినికిడి తప్పడం వల్ల పేరు మారే సందర్భం కూడా ఉన్నది. జెముడుకాకిని కొందరు చెముడుకాకి అంటారు, ఆ కాకికి చెవులు వినపడవని కారణం కూడా చెబుతారు. జెముడు అంటే ముళ్ల పొద, ఆ పొదలలో తిరిగేది కనుక జెముడుకాకి. చెవుడు దానికి లేదు. నిజానికి అది కాకి కూడా కాదు, కోయిల కుటుంబానికి చెందినది. అయితే తన గూడు తానే కట్టుకొని తన పిల్లలను తానే పెంచుకుంటుంది.

పందికొక్కు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది పిట్టలకు సంబంధించిన పొరపాటు. తమిళంలో ‘కొక్కు’ అంటే కొంగ, కన్నడంలో ‘కొక్కరె’, మనకూ కొక్కెర అనే మాట ఉన్నది. ఆ లెక్కన పందికొక్కు అంటే పంది కొంగ కావాలి! కాని మన పందికొక్కులోని కొక్కు అంటే ఎలుక. మా వరి గాదెలను గుల్ల చేసిన ఆ జీవి తెలుగు పేరుతోనే ఇంగ్లీషులోకి ‘బ్యాండికూట్’ అయి చేరింది.

మానేరు (కరీంనగర్):
తెలంగాణలో సంక్రాంతికి ఎగురవేసే గాలిపటాన్ని పతంగి అంటాము. ‘పతంగము’ అంటే ఎగిరేది. సంస్కృతంలో పక్షికీ, మిడుతకూ, సూర్యునికీ కూడా అదే పేరు. హిందీ, ఉర్దూలలో పతంగ్‌గా నిలిచి మన దగ్గర పతంగి అయింది. కాబట్టి సంక్రాంతి పూట డాబా మీద పిల్లలు ఎగురవేసేది పేరును బట్టి చూస్తే పక్షినే. ఆ పతంగి దారమే పతంగాల గొంతు కోయడం నాకు మింగుడుపడని విషయం. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాను దేశమంతటా నిషేధించింది. నిరుడు మా చింతచెట్టుకు చిక్కుకున్న దారంలో రెక్క తెగిన ఒక గద్దను దించాము, అది బతకలేదు. పిల్లలకు నూలు దారమే కొనివ్వండి.

గద్ద అన్నాను కనుక, ఆ పేరు సంస్కృత ‘గృధ్రము’కు వికృతి. గృధ్రము అంటే అక్కడ రాబందు, హిందీలో ‘గిద్ధ్’ అన్నా ఇప్పటికీ రాబందే. తెలుగులోకి వచ్చేసరికి ఆ పేరు కోడిపిల్లలను ఎత్తుకుపోయే వేరే పక్షికి అంటుకున్నది.

గుస్సాడి (ఉట్నూరు):
ఇంతసేపు నెమలిని ఎవరూ తలవలేదు. దీపావళి రోజులలో జరిగే దండారి పండుగలో మా గోండు గూడేలలో నాట్యమాడే గుస్సాడీలు తల మీద పెట్టుకునే పెద్ద నెమలి ఈకల కిరీటాన్ని చూసినవారికి ఈ లోటు బాగా తెలుస్తుంది. గోండీలో నెమలిని ‘మల్’ అంటారు. తెలుగు ‘నెమలి’, తమిళ ‘మయిల్’, కన్నడ ‘నవిలు’, గోండీ ‘మల్’ ఒకే కుటుంబపు మాటలు, సంస్కృత ‘మయూరము’ కూడా ఈ ద్రావిడ మాట నుండే వెళ్లిందని భాషావేత్తలు చాలామంది అంటారు. పెద్ద భాషల నుండి చిన్న భాషలకు మాటలు వస్తాయని చెప్పేవారికి నేను ఈ నెమలిని చూపిస్తాను.

పాత తెలుగులో నెమలికి ‘నెమ్మి’ అని కూడా పేరు ఉన్నది. ఆ నెమ్మికే ప్రేమ, సంతోషం అనే అర్థాలూ ఉన్నాయి. కావ్యాలలో ‘నెమ్మితో’ అంటే నెమలితో అని కాదు, ప్రేమతో అని.

తంగేడుపువ్వు:
గుస్సాడి తమ్ముడూ, ఆ చివరి వాక్యం చదివి నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఎందుకంటే మా అవ్వ మాట గుర్తుకు వచ్చింది. ఆమె నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడల్లా “నా పావురాల బిడ్డ” అనేది. చిన్నప్పుడు మా ఇంటి చూరులో పావురాలు ఉండేవి. ఆ పావురాలకూ నాకూ ఏదో సంబంధం ఉన్నదని, నన్ను వాటి దగ్గరి నుండే తెచ్చుకున్నదని నేను నిజంగా నమ్మాను. మన వైపు పావురం, పాయిరం అంటే ప్రేమ అని నాకు పెద్దయిన తరువాత తెలిసింది. ‘పాయిరంగ పెంచుకున్న’ అని మనం ఎంత సహజంగా అంటామో, ఇతర ప్రాంతాల తెలుగువారు అంత సహజంగా అందులో పక్షిని వెతుకుతారు.

మానేరు:
అక్కా, పావురాలు జంటగా ఉంటాయి, ఒకదాని ముక్కులో ఒకటి ముక్కు పెట్టుకుంటాయి. ఆ జంట ప్రేమను చూసే మనవాళ్లు ప్రేమకు పావురం అని పేరు పెట్టారని నా గట్టి నమ్మకం.

తాళపత్రం:
మానేరు గారి మాట వినడానికి ఎంతో బాగున్నది, అయినా నేను ఒప్పుకోలేను. పక్షి పేరైన పావురం సంస్కృత ‘పారావతము’కు వికృతి. ప్రేమ అనే అర్థంలో మనం అనే మాటను ‘పాయిరం’ అనీ, ‘పావురం’ అనీ రెండు విధాలా పలుకుతాము, కాని డాబా మీది పిట్ట గురించి మాట్లాడేటప్పుడు ఆ పేరులో ప్రేమ ఉన్నదని ఎవరూ అనుకోరు. చప్పుడు కలిసినంత మాత్రాన పుట్టుక కలిసినట్టు కాదని కాకతీయుల విషయంలో మనమే అన్నాము. నెమ్మి విషయంలోనూ అంతే. నెమలి పురి విప్పడం చూసి ప్రేమకు ఆ పేరు పెట్టారని ఎవరైనా కథ చెప్పవచ్చు, ఆ కథ అందంగానూ ఉంటుంది, కాని అది మాట పుట్టిన తరువాత పుట్టిన కథ.

అయితే ఒక విషయంలో నా మనసు మానేరు గారి వైపే ఉన్నది. మాటలు ఎక్కడి నుండి వచ్చినా, ఒకసారి ఒకే నోట్లో చేరిన తరువాత అవి ఒకదానినొకటి తాకకుండా ఉండవు. “పావురాల బిడ్డ” అన్న ఆ అవ్వకు, చూరులో గురగురలాడే పావురాలు ఆ క్షణంలో గుర్తుకు రాలేదని ఏ నిఘంటువు చెప్పగలదు?

పిట్టగోడ:
నేను తాళపత్రం గారితో ఏకీభవిస్తున్నాను, కాని నిన్న సాయంత్రం మా పిట్టగోడ మీద రెండు పావురాలు వచ్చి కూర్చున్నాయని మాత్రం చెప్పి తీరాలి. చిన్నది అనే పిట్టా, ప్రేమ అనే పావురమూ ఒకే గోడ మీద ఉన్నాయి.

తంగేడుపువ్వు:
అందరికీ నా నమస్కారాలు. ఈ నాలుగు రోజులు రాత్రిపూట మా మనుమడికి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. పరభృత్, పరభృత అన్నది రెండుసార్లు చదివించుకున్నాడు. పసులపోలిగాడిని చూడడానికి ఆదివారం మా ఊరికి పోదామని అంటున్నాడు. గుడ్లగూబ పొడుపుకథ వాళ్ల తరగతిలో అడిగితే ఎవరూ విప్పలేదట.

నిన్న వాడే నోటుపుస్తకం తీసి తెలుగులో ఒక పేజీ రాశాడు. మొదటి వాక్యంలోనే తొందరలో ‘పాలపిట్ట’కు బదులు ‘పాపిట్ట’ అని రాశాడు. నేను రబ్బరు అందించబోతే వద్దన్నాడు. పా పక్కన గీత కింద బాతు కాలు వంటి గుర్తు ఒకటి గీసి, పైన ‘ల’ రాసి, “నాయనమ్మా, హంస నడిచింది” అన్నాడు.